ఆకులవ్వతో ఆఖరి బేరం

ఆకులవ్వ పోయిందని ఫోన్ వచ్చేసరికి నా లోడ్ ఆటోలో టమోటా పెట్టెలున్నాయి. ఫోన్ చేసింది అవ్వ కొడుకు. "అమ్మ పొయ్యిందిరా, తెల్లార్తోనే. నువ్వొచ్చేటప్పుడు ఒక కట్ట ఆకులు తీసుకరా," అన్నాడు. సరే అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, టమోటాలు హోటల్ దగ్గర దించి, ఖాళీ పెట్టెలు ఎక్కించుకున్నాను. వాళ్ళిచ్చిన టీ తాగాను. బండి స్టార్ట్ చేశాక గానీ ఆ ఆకులు ఎవరి కోసమో నా బుర్రకు ఎక్కలేదు.

మీలో ఎవరైనా తిరుపతి పాత మార్కెట్టులో పెళ్ళికో గృహప్రవేశానికో తద్దినానికో అరిటాకులు కొని ఉంటే ఆమె మీకు గుర్తుండే ఉంటుంది. గేటు దాటకముందే ఎడమ పక్కన, తడి గోనెపట్టా మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ఒళ్ళో ఒక తడిగుడ్డ. మాట్లాడుతూనే ఆకు తుడిచేది, తుడుస్తూనే మాట్లాడేది. ఎందుకు కొంటున్నారని ఎవరినీ అడిగేది కాదు, ఎన్నాకులు అని మాత్రమే అడిగేది. ఒకసారి ఒకాయన తనంతట తానే, "మా నాయన దినానికవ్వా," అని చెప్పబోతే, "ఆకుకు మంచీ చెడ్డా తెల్దు నాయనా. తినేటోడికి ఆకలైతే సాలు," అంది. కట్ట చేతికిచ్చి, కొసరు ఆకు ఇంకొకటి పైన పెట్టింది.

ఆమె మాకు చుట్టం కాదు. మార్కెట్టు వెనక సందులో మా ఇల్లు, దాని పక్కన అవ్వ ఇల్లు, అంతే. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. కొన్నాళ్ళు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి బస్సెక్కి పోయి వచ్చాను. కొన్నాళ్ళు ఫోన్లు బాగుచేసే అంగట్లో కూర్చున్నాను. కాణిపాకంలో పూజ సామాన్లు అమ్మాను. ఏదీ నిలవలేదు. ఒక పని మానేసిన ప్రతిసారీ ఇంటికి పోయే ముందు అవ్వ దగ్గర ఆగేవాణ్ణి. ఇంట్లో తిట్లు పడతాయని తెలుసు. అవ్వ దగ్గర కూడా పడేవి గానీ అవి వేరే రకం.

"మళ్ళా మానేసినావా?"

"ఊ."

"నీ కింద ఎవురన్నా నిప్పులు పోసినారా ఏమిరా? రోంత సేపు కూసోలేవా?"

"కూర్చుంటే ఏమొస్తాదవ్వా?"

"నాకు ఆకులొచ్చినాయి. నీకేమొస్తాదో కూసుంటే గదా తెలిసేది."

అలా కూర్చోబెట్టి, నా చేతికి ఒక తడిగుడ్డ ఇచ్చేది. ఆకు ఈనె వెంబడి తుడవాలి, అడ్డంగా తుడిస్తే చీలుతుంది. నాకు ఆ ఓపిక ఉండేది కాదు, చీల్చేవాణ్ణి. చీలిన ఆకులు పక్కన పెట్టి మధ్యాహ్నం వాటిలోనే తినేది. "నీ పుణ్యాన ఈ పొద్దు పెద్దాకులో బువ్వ తింటా ఉండా," అనేది. ఆమె మంచి ఆకులో తినడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కూర్చోవడాల్లోనే మార్కెట్టు కథంతా విన్నాను. అవ్వ చెప్పే కథలో సంవత్సరాలుండవు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు పోయాక ఆ చోటు ఎవరికొచ్చింది, అంతే. ఆ లెక్కలో చూస్తే మొదట అక్కడ గోడా లేదు, గేటూ లేదు. వట్టి బయలు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన బండ్లు నిలిపి, ఎద్దులను విప్పి, బండి మీదనే పెట్టి అమ్మేవాళ్ళట. అవ్వ అత్త ఆ బండ్ల నీడలో ఆకులు పెట్టుకుని కూర్చునేదట. నీడ జరిగే కొద్దీ ఆమె కూడా జరుగుతూ, సాయంత్రానికి బయలు ఇంకో చివర తేలేదట. తర్వాత రాతి స్తంభాలు వచ్చాయి, పెంకుల కప్పు వచ్చింది, ఇనప గేటు వచ్చింది. గేటు పక్కన గోడలో ఒక పునాది రాయి ఉండేది. దాని మీద పెద్దవాళ్ళ పేర్లున్నాయి.

"ఆ రాయిని ఈడిదాకా మోసుకొచ్చింది మా మామ," అనేది అవ్వ. "ఆయన పేరు యాడన్నా ఉండాదేమో సదువుబ్బీ, నువ్వు తొమ్మిది సదివినావు గదా."

చదివేవాణ్ణి. ఉండేది కాదు. అది తెలిసీ అడిగేది, నేను వెతుకుతుంటే నవ్వేది.

ఆ రోజుల్లో కొండకు వచ్చేవాళ్ళు సత్రాల్లో దిగి, సొంతంగా వండుకుని తినేవాళ్ళట. రైలు దిగి జట్కా ఎక్కి నేరుగా మార్కెట్టుకు వచ్చేవాళ్ళు. బియ్యం, బెల్లం, చింతపండు, చివరికి గేటు దగ్గర ఆకులు. జట్కాలు నిలిచిన చోటే తర్వాత ఆటోలు నిలిచాయి. సత్రాలు లాడ్జీలయ్యాయి. వండుకునేవాళ్ళు తగ్గి, హోటళ్ళు పెరిగాయి. పూల వరసలో తమిళం వాళ్ళు స్థిరపడ్డారు. సాయిబు ఒకాయన తక్కెడలు బాగుచేసే చోట సెల్ ఫోన్ కవర్లు వేలాడాయి. ఒకనాడు ఎవరో అరిటాకు బొమ్మ అచ్చేసిన పచ్చటి పేపరు ప్లేటు తెచ్చి అవ్వకు చూపించారు. అవ్వ దాన్ని వేలితో తడిమి చూసి, "ఈనె లేందే ఇది?" అంది. మళ్ళీ ఇంకోసారి తడిమింది. ఇక దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మార్కెట్టుకు ఒక పద్ధతి ఉండేది. అది తెలియకపోతే ఆమె పోయిన రోజు జరిగింది మీకు అర్థం కాదు.

శవాన్ని తీసుకుపోయేటప్పుడు దారిలో ఒకచోట పాడె దించి, పోయినవాళ్ళ చెవి దగ్గర మూడుసార్లు పిలవడం మీకందరికీ తెలిసిందే. దింపుడుకళ్ళం. ఎక్కడన్నా ఊపిరి మిగిలి ఉంటే పలుకుతారని ఆశ. మా మార్కెట్టువాళ్ళు ఎవరు పోయినా ఆ దించే చోటు గేటే. కాకపోతే పేరు పెట్టి పిలవరు. బేరమడుగుతారు. ఉల్లిగడ్డలాయన పోతే ఉల్లిగడ్డలు ఎంత అని, బెల్లమాయన పోతే బెల్లం ఎంత అని. అమ్ముకునేవాడు పేరు పెట్టి పిలిస్తే పలక్కపోవచ్చు గానీ బేరమడిగితే పలుకుతాడని. రెండుసార్లు తోటి వ్యాపారులు అడుగుతారు. మూడోసారి అవ్వ అడుగుతుంది.

మూడోది అవ్వకు ఎలా వచ్చిందంటే, ఆడవాళ్ళు పాడె వెంట పోరు, కానీ పాడే వచ్చి ఆమె ముందు దిగేది. ఒకసారి మూడోది అడగాల్సిన ముసలాయన అడగలేక ఏడుస్తూ నిలబడిపోతే, గోనెపట్టా మీద కూర్చున్న అవ్వ ముందుకు వంగి తానే అడిగేసిందట. అప్పట్నుంచి ఆ పని ఆమెదే అయింది. ఆమె అడిగితే మామూలుగా అడగదు. పోయినవాడికి కోపమొచ్చి లేచి కూర్చోవాలి, అలా అడుగుతుంది. బెల్లం వరసలో ఒకాయన ఉండేవాడు, ఎవరికీ పైసా తగ్గించేవాడు కాదు. ఆయన్ని దించినప్పుడు నేనక్కడే ఉన్నాను. అవ్వ ఆయన చెవి దగ్గరికి వంగి, "అబ్బోడా, ఒక దిమ్మె ఊరికే పడెయ్యి. మా యింట్లో పిల్లికి పాలల్లో కలపాల," అంది. పాడె మోసుకొచ్చినవాళ్ళు నవ్వారు. ఆయన కొడుకులు ఏడుస్తూ నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు. ఆయన మొహం వైపే చూస్తూ ఉండింది, నిజంగానే బదులు చెబుతాడేమో అన్నట్టు. తర్వాత కూర్చుని, "పోనీండి. ఇంక తీసుకపోండి," అంది. ఆ మాట అవ్వ అంటేనే పాడె లేచేది.

తక్కెడల సాయిబు పోయినప్పుడు మాత్రం అడగలేదు. వాళ్ళకు ఆ పద్ధతి లేదు. వాళ్ళ వాళ్ళు గేటు ముందు నుంచి తీసుకుపోతుంటే అవ్వ లేచి నిలబడింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడే ఉంది.

తర్వాత మార్కెట్టును ఊరి బయటికి మార్చారు. పాత కప్పు నిలవదన్నారు. అది అబద్ధమేమీ కాదు, వానొస్తే పెంకులు రాలి పడేవి. అందరికీ కొత్త చోట అంగళ్ళు ఇచ్చారు. అవ్వకు కూడా వరస మధ్యలో ఒకటి వచ్చింది, ఎత్తుగా, సిమెంటు గచ్చుతో. మొదటి రోజు నేనే నా ఆటోలో దించాను. ఆమె గోనెపట్టా పరిచి కూర్చుని చుట్టూ చూసింది.

"గేటు యాడరా?"

"గేటు లేదవ్వా. నాలుగు పక్కలా దారే."

"అట్లయితే ఎవురన్నా పోతే యాడ దించతారు?"

మార్కెట్టు మార్చేటప్పుడు నీళ్ళ గురించి, లైట్ల గురించి, లారీలు తిరిగే చోటు గురించి అందరూ మాట్లాడారు. ఇది ఎవరికీ తట్టలేదు.

ఆమె అక్కడ ఎక్కువ రోజులు కూర్చోలేదు. మోకాళ్ళు మొరాయించాయని సందులో ఇల్లు ఖాళీ చేయించి కొడుకు తన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయనకు కరెంటాఫీసులో ఉద్యోగం, బైపాసు పక్కన కొత్త కాలనీలో ఇల్లు. బాగానే చూసుకున్నాడు. ఆ సంగతి చెప్పకపోతే తప్పు. మందులు, ఫ్యాను, మంచం, అన్నీ. నేను లోడు వేసుకుని అటు పోయినప్పుడల్లా ఆగి పలకరించేవాణ్ణి. వరండాలో కుర్చీలో కూర్చుని ఉండేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆకు లేకపోయినా తుడుస్తున్నట్టు బొటనవేలు ఆడిస్తూ ఉండేది. ఎప్పుడు పోయినా ఒకటే అడిగేది.

"మనోళ్ళు ఎవురన్నా పొయ్యినారా?"

ఒకసారి, "ఉల్లిగడ్డలాయన పోయినాడవ్వా," అని చెప్పాను.

"దించినారా?"

"లేదు. నేరుగా తీసుకపొయినారు."

అవ్వ రోడ్డు వైపు చూసింది. "అట్లయితే ఆయనకు తెలిసిండదు," అంది.

"ఏంది తెలిసుండదు?"

"పొయినట్టు. ఎవురూ అడగలే గదా. ఇంకా ఎవురో ఒకరు వొస్తారని సూస్తా కూసోని ఉంటాడు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, ఆకులాగానే ఉంది.

"నన్ను మాత్రం పాత గేటు కాడ దించురా. సుట్టూ రేకులు కట్టినారంట, కట్టనీ. రెండు తూర్లు వాళ్ళెవురన్నా అడగతారు. మూడోది నువ్వడుగు. సరేనా?"

"సరేలే అవ్వా. ఇప్పుడెందుకు ఆ మాట?"

"ఇప్పుడు గాకపోతే మళ్ళ నేనెట్ల చెప్పేది?"

సరే అన్నాను. అప్పటికి అది ఒక ముసలామెకు చెప్పే సరే. అవ్వ పోయిన రోజు పొద్దున కొత్త మార్కెట్టులో ఆకుల కట్ట కొంటున్నప్పుడు గుర్తొచ్చింది, నేను ఒప్పుకున్నానని. పూల వరసలో మల్లెల మామకు చెప్పాను. టెంకాయల అంగడాయనకు చెప్పాను. ఇద్దరూ అంగళ్ళ మీద పట్టాలు కప్పి నా ఆటో ఎక్కారు. దారిలో టెంకాయలాయన ఒకసారి, "బ్రేకు పట్టడంల్యా ఏమి?" అన్నాడు. పడుతోందని చెప్పాను.

మేం పోయేసరికి అవ్వను వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. పక్కన ఆమె కుర్చీ అలాగే ఉంది. దాని మీద ఎవరిదో హెల్మెట్టు పెట్టి ఉంది. నేను అవ్వ మొహం చూశాను. ఆమె కాళ్ళ దగ్గర మొక్కాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. వాకిట్లో వైకుంఠ రథం వచ్చి ఆగింది. డ్రైవరు దిగి నీడ చూసుకుని నిలబడ్డాడు.

కొడుకు తడిపంచె కట్టుకుని, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, గేటు మీదుగా పోదాం," అన్నాను.

ఆయన తలెత్తలేదు. "నువ్వది అడగతావని నాకు తెలుసురా. వొద్దు."

"ఐదు నిమిషాలన్నా."

"ఆడ ఏముండాది? రేకులు, దుమ్ము. అవతల రాహుకాలం వస్తా ఉండాది. శ్మశానం కాడ అందురూ కాసుకోని ఉండారు."

మల్లెల మామ పక్కన కూర్చున్నాడు. "అది కాదు తంబీ, మన పద్ధతి ఒకటి ఉంది గదా," అన్నాడు.

"మీ పద్ధతి నేను సూసినా మామా," అన్నాడు కొడుకు. గొంతు పెంచలేదు. "నాయన పొయినప్పుడు నిప్పుకుండ నా చేతిలో ఉండాది. నాకంటే కుండే పెద్దది. గేటు కాడ దించినారు. ఎవరో వొంగి నాయన చెవిలో ఏందో అడిగినారు. అందురూ నవ్వినారు. మా నాయన ఆడ సచ్చి పడుండాడు, మీరందురూ నవ్వినారు. నిప్పు చేత్తో పట్టుకోని ఎవుర్ని కొట్టాల్నో నాకు తెలీలే. మళ్ళ కొన్నాళ్ళకు మా యమ్మే ఆ పని పట్టుకునింది. ఎందుకమ్మా అని నేనడగలే. ఆమె చెప్పలే."

లోపల ఎవరో కుళాయి తిప్పారు, కట్టేశారు.

"నేనడిగినా అన్నా," అన్నాను. "ఒకసారి. ఎందుకవ్వా నవ్విస్తావు అని."

ఆయన నా వైపు చూశాడు.

"ఏడిస్తే ఎవురు లేస్తారురా, అనింది. ఏడ్చేది ఇంటే అట్ల తిరుక్కోని పండుకుంటారు. నవ్వేది ఇనపడితే, నన్ను ఇడిసిపెట్టి ఏందో నవ్వతా ఉండారే అని లేస్తారేమో, అనింది."

డ్రైవరు దగ్గాడు.

"నన్ను మూడోది అడగమనింది. నేను సరే అన్నా," అన్నాను. "ఇప్పుడు కుదరదని ఎవురికి చెప్పాలన్నా?"

"ఐదు నిమిషాలు," అన్నాడు లేస్తూ. "నేను మాత్రం దిగను. మీరేమడుక్కుంటారో అడుక్కోండి."

నా ఆటో ముందు పోయింది, రథం వెనక వచ్చింది. పాత మార్కెట్టు చుట్టూ నీలం రేకులు కట్టేశారు. లోపల గుంత తవ్వి ఉంది. రోడ్డు వైపు నుంచి చూస్తే ఏమీ కనబడదు. గేటు ఒకటే రేకుల మధ్య అలా నిలబడి ఉంది, తలుపులు లేకుండా. పునాది రాయి ఉన్న గోడ లేదు. జనం రేకుల పక్కనుంచి ఎవరి పని మీద వాళ్ళు పోతున్నారు.

అవ్వ కూర్చునే చోటు ఎక్కడో నా కాళ్ళకు తెలుసు. అక్కడ ఆకుల కట్ట దించాను. పోయినవాళ్ళ సరుకు కొంచెం గేటు దగ్గర పెట్టడం కూడా పద్ధతిలో భాగమే. ఎండకు వాడిపోతాయని నా బాటిల్లో నీళ్ళు కట్ట మీద పోశాను. ఎందుకు పోశానో అడగకండి. రథం కొంచెం ముందుకు పోయి ఆగింది. పాడె దించడానికి అక్కడ చోటు లేదు. పెద్ద బండ్లు పోతున్నాయి. వెనక తలుపు తీసి, నిలబడే అడగాల్సి వచ్చింది. కొడుకు ముందు డ్రైవరు పక్కన కూర్చుని ఎదురుగా చూస్తున్నాడు.

మల్లెల మామ మొదట వంగాడు. "అవ్వా, ఆకు కట్ట ఎంత? మూర మల్లెపూలిస్తాను, మార్చుకుంటావా?" అన్నాడు. ఆయన తెలుగు ఎప్పుడూ తమిళం యాసలో ఉంటుంది, అవ్వ దాన్ని వెక్కిరించేది. కాసేపు చూసి వెనక్కి జరిగాడు.

రెండోది టెంకాయలాయన. "అవ్వా, చీలికాకులుంటే నా మొహాన పడెయ్యి, ఊరికే," అన్నాడు. బాగానే అడిగాడు. పాత రోజుల్లో అయితే నవ్వేవాళ్ళు. మేం ముగ్గురం, డ్రైవరు, అంతే. ఎవరం నవ్వలేదు.

తర్వాత నేను. వంగాను. అవ్వ చెవి నా మొహం దగ్గర ఉంది. కమ్మ పెట్టుకునే రంధ్రం సాగి ఉంది. ఏమడగాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. నోరు తెరిచాను. మాట రాలేదు. అది దుఃఖం అనుకోకండి. అలాంటిదేదీ నాకు తెలియలేదు. లోపల ఏమీ లేదు, అంతే. తెరిచిన నోటితో అలా వంగి ఉన్నాను. మల్లెల మామ నా వీపు మీద చెయ్యి వేసి, "అడుగప్పా," అన్నాడు. మళ్ళీ తెరిచాను. రాలేదు.

"ఏమప్పా, ఆకెట్లిస్తా ఉండారు?"

గొంతు మా వెనక నుంచి వచ్చింది. తిరిగి చూశాం. గేటు దగ్గర, ఆకుల కట్ట ముందు, ఒకామె నిలబడి ఉంది. చేతిలో రెండు సంచులు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. మేమెవరం కదలకపోయేసరికి, "మిమ్మల్నే అబ్బా. పూతలపట్టు నుంచి వస్తా ఉండా, మార్కెట్టు యాడబొయ్యిందో అంతు తెలీకుండా ఉండాది. రేపు మా అత్త తద్దినం. ఈ కట్టెంత?" అంది.

నేను చెప్పాల్సింది నాలుగు మాటలు. ఇది అమ్మే కట్ట కాదమ్మా. అవీ రాలేదు.

రథం ముందు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"పొద్దున కోసిన ఆకమ్మా," అన్నాడు కొడుకు. దిగి, మమ్మల్ని దాటుకుని, వట్టి కాళ్ళతో రోడ్డు మీద నడిచి ఆమె దగ్గరికి పోయాడు. "కొసలన్నీ బాగుండాయి. ఒక్క చీలిక సూపించు, డబ్బు లేకుండా తీసుకపో."

అది అవ్వ మాట. అక్షరం కూడా మారలేదు. ఆయన మార్కెట్టులోకి వచ్చి ఎన్నేళ్ళయిందో. చిన్నప్పుడు ఎప్పుడో విన్నదై ఉండాలి.

"అందురూ అట్లే చెప్తారు. ఎంత?"

"నూటాయాభై."

"ఇదేమన్నా బంగారమా నాయనా? నూరుకియ్యి."

"నూరుకు పేపరు ప్లేట్లొస్తాయమ్మా. అదో ఆ అంగట్లో అడుగు."

టెంకాయలాయన నవ్వేశాడు. ఆపుకోలేక పెద్దగానే నవ్వి, వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కొడుకు వెనక్కి తిరిగి చూడలేదు. వంగి కట్ట రెండు చేతులతో ఎత్తి, ఆమెకు కొసలు కనబడేలా పట్టుకున్నాడు. ఆమె ఒక ఆకు అంచు పట్టుకుని చూసింది. ఆకు బాగానే ఉంది.

"నీకు బేరం తెలీదుగానీ," అంది ఆమె, "ఈడ ఒక అవ్వ ఉండేది గదా? ఆమె దగ్గరే తీసుకుంటా ఉంటి నేను. ఆమైతే ఇంత చెప్పదు. యాడుండాది?"

ఆయన కట్టను చేతుల్లో సర్దుకున్నాడు.

"ఉండాది," అన్నాడు తర్వాత.

"పిలువు మళ్ళ. ఆమెనే అడగతా."

ఆయన కట్ట పట్టుకునే రథం వైపు తిరిగాడు. మేం ముగ్గురం దారిలో ఉన్నాం, పక్కకు జరిగాం. తెరిచిన వెనక తలుపులోంచి అవ్వ పాదాలు, వాటి మీద పూలదండ కనబడుతున్నాయి.

"అమ్మా," అన్నాడు.

బస్సు ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగాడు.

"అమ్మా. నిన్ను అడగతా ఉండారు."

ఆ ఆడమనిషి అప్పుడు చూసింది రథాన్ని. చేతిలో సంచులు మెల్లగా కింద పెట్టేసింది. "ఇంక తీసుకపోండి" అనేవాళ్ళు లేరు. ఆయన ఒక్కడే, ఎదురుగా బదులు చెప్పేవాళ్ళుంటే ఎలా నిలబడతామో అలా, తల కొంచెం పక్కకు వంచి నిలబడి ఉన్నాడు. చేతుల్లోని ఆకుల మీంచి నీళ్ళు జారి ఆయన పాదాల మీద పడుతున్నాయి.